నల్లగొండకు జోడు ఊరేది?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

హైదరాబాద్‌కు విదేశాల్లో సోదర నగరాలు ఉన్నాయని పోయిన సంచికలో నాలుగు వాక్యాల వార్త వేశాం. దాని మీద నల్లగొండ, పాలమూరు వైపు నుంచి ఉత్తరాలు వరసగా వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: హైదరాబాద్‌కు జంట సికింద్రాబాదే కదా! మధ్యలో ఈ అమెరికా ఊళ్లు ఎక్కడివి? వాటివల్ల ఒరిగేదేంటి?
– ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: చిక్కంతా మాటతోనే. మనకు జంట నగరాలంటే హుస్సేన్‌సాగర్‌కు ఇటొకటి, అటొకటి. ఇక్కడ చెప్పేది వేరు. రెండు దేశాల్లోని రెండు స్థానిక పాలక సంస్థలు రాతపూర్వకంగా కలుపుకునే దోస్తానా ఇది. బ్రిటన్‌లో ట్విన్ టౌన్ అంటారు, అమెరికాలో సిస్టర్ సిటీ అంటారు. రష్యావాళ్లు వాడే ‘పోబ్రాతిమ్’ అనే మాటకు ప్రమాణం చేసి అన్నదమ్ములైనవాళ్లని అర్థం. జంట నగరాలన్న మాటను సికింద్రాబాద్‌కే వదిలేసి, ఈ శీర్షికలో ‘జోడు ఊరు’ అని రాస్తున్నాం.

హైదరాబాద్‌కు కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్, ఇండియానా రాష్ట్ర రాజధాని ఇండియానాపొలిస్, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ ఇలాంటి జోళ్లు. చెన్నైకి అమెరికాలోని డెన్వర్‌తో 1984 నుంచి, ముంబైకి జపాన్‌లోని యొకొహామాతో 1965 నుంచి, జర్మనీలోని స్టట్‌గార్ట్‌తో 1968 నుంచి ఈ సంబంధం ఉంది.

ఒరిగేదేంటన్నది న్యాయమైన ప్రశ్నే. దీనివల్ల వీసా సులువు కాదు, పన్ను తగ్గదు, ఉద్యోగం రాదు. ఉత్తరాల్లో సగం వీసా గురించే ఉన్నాయి కాబట్టి ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాం. అక్కడి నీటి సరఫరా ఇంజినీరు, బడి పంతులు, నేతగాడు ఇక్కడి తమ పనివాళ్లను పేరుపెట్టి పిలిచేంత దగ్గరైతే దొరికేవి కొన్ని ఉన్నాయి. ఆ సంగతి కింది జవాబుల్లో వస్తుంది.

ప్రశ్న: ఈ పద్ధతి ఎక్కడ మొదలైంది?
– డిగ్రీ విద్యార్థిని, సూర్యాపేట

జవాబు: పేరు కలిసిందని చేయి కలిపినవాళ్లు ముందే ఉన్నారు. అమెరికాలోని టొలీడో, స్పెయిన్‌లోని టొలీడో 1931లోనే జోడీ కట్టాయి. ఇప్పుడు మనం చూస్తున్న పద్ధతికి మాత్రం ఇంగ్లండ్‌లోని కోవెంట్రీని మొదటిదిగా చెబుతారు. 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ విమానాలు ఆ ఊరి నడిబొడ్డును, పాత కేథడ్రల్‌ను కాల్చి బూడిద చేశాయి. తర్వాత రెండేళ్లకు రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్ ముట్టడి వార్తలు వస్తుంటే కోవెంట్రీ ఆడవాళ్లు ఒక టేబుల్ గుడ్డ తీసుకున్నారు. తలా ఆరు పెన్నీలు వేసుకుని, 800 మందికి పైగా తమ పేర్లు దాని మీద కుట్టించారు. పెద్ద జాలి కన్నా చిన్న సాయం మేలన్న మాట కూడా దాని మీద ఉంది. ఆ గుడ్డ, దాంతోపాటు డబ్బు స్టాలిన్‌గ్రాడ్ చేరాయి. 1944లో రెండు ఊళ్లు లాంఛనంగా జోడీ అయ్యాయి. స్టాలిన్‌గ్రాడ్ పేరు ఇప్పుడు వోల్గోగ్రాడ్. ఆ గుడ్డ అక్కడి మ్యూజియంలోనే ఉంది.

ఇదే కోవెంట్రీ 1959లో జర్మనీలోని డ్రెస్డెన్‌తోనూ జత కట్టింది. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌ను కాల్చినవాటిలో బ్రిటిష్ విమానాలు ఉన్నాయి. అంటే తమవాళ్లు కాల్చిన ఊరితోనే చేయి కలిపారన్నమాట. ఫ్రాన్స్, జర్మనీ మధ్య మొదటి జోడీ మాంబెలియార్, లుడ్విగ్స్‌బర్గ్‌లది. అది 1950లో, యుద్ధం ముగిసిన అయిదేళ్లకే కుదిరింది. అమెరికాలో ఈ పనిని 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ముందుకు తోశారు.

పేరు మీద పుట్టిన జోళ్లలో నవ్వొచ్చేవీ ఉన్నాయి. స్కాట్లాండ్‌లో ‘డల్’ అనే పల్లె, అమెరికాలోని ఆరిగన్‌లో ‘బోరింగ్’ అనే ఊరు 2012లో కలిశాయి. ఆస్ట్రేలియాలో ‘బ్లాండ్’ అనే ప్రాంతం తర్వాత చేరింది. మందకొడి, విసుగు, చప్పిడి: మూడూ ఒక్కచోట. మన దగ్గర పేరు లెక్కన పోతే మండలానికో రామాపురం, జిల్లాకు పది లింగంపల్లులు. జోడీ కట్టడానికి సముద్రం దాటే పనే ఉండదు.

ప్రశ్న: నల్లగొండ పేరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి ఆఫ్రికాలో వాడారట. నిజమేనా? అదేంటో, ఇంట్లో చేసుకోవచ్చో లేదో వివరంగా రాయండి.
– రైతు, మర్రిగూడ మండలం

జవాబు: నిజమే. నీటిశాస్త్రం చదివినవాళ్లకు ప్రపంచంలో ఎక్కడైనా ‘నల్గొండ టెక్నిక్’ అంటే అర్థమవుతుంది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, అంటే ‘నీరి’, 1970ల్లో దీన్ని రూపొందించి మన జిల్లా పేరు పెట్టింది. తూర్పు ఆఫ్రికాలో రిఫ్ట్ లోయ పొడవునా, టాంజానియాలో, కెన్యాలో, ఇథియోపియాలో, మన నల్లగొండలో లాగే నీళ్లలోని ఫ్లోరైడ్ తెచ్చే జబ్బు: గారపట్టిన పళ్లు, వంగిన కాళ్లు, బిగిసిన వెన్ను. అక్కడి రాయి అగ్నిపర్వతాలది, ఇక్కడిది గ్రానైట్. ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగే తీరు మాత్రం దగ్గర దగ్గరే. నీళ్లలో కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ ఉంటే రాతిలోని ఫ్లోరైడ్ కరిగి బయటికొస్తుంది. బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాతిని అంటుకుని ఉండే కాలం పెరుగుతుంది, మోతాదూ పెరుగుతుంది. టాంజానియాలోని అరూషా దగ్గర ఎంగుర్‌డోటోలో ఫ్లోరైడ్ తొలగింపు మీద పరిశోధన కేంద్రమే పెట్టారు. నల్లగొండకు జోడు ఊరు వెతకమంటే మేం మొదట అరూషా వైపే చూస్తాం.

ఇక పద్ధతి. కావలసినవి మూడు: పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి. పటిక నీళ్లలో పడితే దూదిపింజల్లాంటి తెల్లటి ముద్దలు కడుతుంది. ఫ్లోరైడ్ వాటికి అంటుకుని అడుక్కు దిగుతుంది. పటిక నీళ్లను పులుపెక్కిస్తుంది. సున్నం ఆ పులుపును విరిచి, ముద్ద గట్టిపడేలా చేస్తుంది. బ్లీచింగ్ పొడి క్రిముల కోసం.

కొలత దగ్గరే అందరూ తప్పుతారు. పటిక ఎంతన్నది ఫ్లోరైడ్ ఒక్కదాన్ని బట్టి తేలదు. నీటి క్షారత్వం, ల్యాబ్ కాగితంలో ‘ఆల్కలినిటీ’ అని ఉండేది, అదీ చూడాలి. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, 300 క్షారత్వం ఉన్న నీటికి లీటరుకు సుమారు 275 మిల్లీగ్రాముల పటిక పడుతుంది. అంతే ఫ్లోరైడ్ ఉండి క్షారత్వం 600 అయితే 405 వరకు కావాలి. 40 లీటర్ల బకెట్‌కు లెక్కేస్తే మొదటిదానికి 11 గ్రాములు, రెండోదానికి 16 గ్రాముల పైన. అందుకే పక్క ఊరి కొలత మన బోరుకు పనికిరాదు. 100 గ్రాముల పటికను కరిగించి సరిగ్గా లీటరు ద్రావణం చేసి పెట్టుకుంటే, 11 గ్రాములకు 110 మిల్లీలీటర్లు కొలిచి పోస్తే సరిపోతుంది. సున్నం పటికలో ఇరవయ్యో వంతు, అంటే ఇక్కడ అర గ్రాముకు కాస్త ఎక్కువ.

బకెట్‌కు అడుగు నుంచి 3–5 సెంటీమీటర్ల పైన నల్లా ఉండాలి. ముందు సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి బాగా తిప్పాలి. తర్వాత పటిక నీళ్లు పోసి 10 నిమిషాలు మెల్లగా తిప్పాలి. ఇక్కడ కవ్వంతో చిలికినట్టు తిప్పితే కట్టిన ముద్దలు విరిగిపోయి కిందికి దిగవు. గంట సేపు కదపకుండా ఉంచి, పైనీళ్లను నల్లా ద్వారా పట్టుకోవాలి. తేరుకున్న నీళ్లను అక్కడే రాత్రంతా వదిలేయడం రెండో పొరపాటు. మడ్డిలోని ఫ్లోరైడ్ మళ్లీ నీళ్లలోకి జారుతుంది. టాంజానియాలో ఇంటి వాడకానికి రెండు బకెట్ల అమరిక చేసింది ఇందుకే. తేరుకోగానే నీళ్లు బట్ట గుండా వడిగట్టుకుని రెండో బకెట్‌లోకి దిగుతాయి, మడ్డి మొదటిదాంట్లోనే మిగులుతుంది. ఆ మడ్డిని పశువుల తొట్టి దగ్గరో, చేదబావి గట్టునో పారబోయొద్దు.

ఈ పద్ధతికి లోపాలున్నాయి, దాచడం దేనికి? ఫ్లోరైడ్ మరీ ఎక్కువున్న చోట పటిక అంతకంతా పోయాలి. నీళ్లు వగరెక్కుతాయి, సల్ఫేట్ పెరుగుతుంది. లెక్క తప్పితే అల్యూమినియం మిగిలిపోతుంది. తాగునీటిలో అల్యూమినియానికి మన ప్రమాణం గరిష్ఠ పరిమితి లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. ఫ్లోరైడ్‌కు 1 మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు. రోజూ కొలిచి పోసే ఓపిక ఏ ఇంట్లోనూ ఎక్కువ కాలం నిలవదు. కెన్యాలో నకురు ప్రాంతం వాళ్లు కాల్చిన ఎముకల బొగ్గు ఫిల్టర్ల వైపు మళ్లారు. మన ఊళ్లలో చాలామంది ఎముకల బొగ్గన్న మాట వినగానే చెంబు పక్కన పెట్టేస్తారు. ఇలాంటివి ఒకరికొకరు చెప్పుకోవడానికే జోడు ఊరు.

మీ ఇంటికి మిషన్ భగీరథ నల్లా వస్తుంటే తాగడానికి, వండడానికి ఆ నీళ్లే వాడండి. బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు. బోరు నీళ్లను మరిగించి తాగితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దాన్ని ఆపలేదు.

ప్రశ్న: మా పోచంపల్లికి చిటికి (ఇక్కత్) నేసే విదేశీ ఊరేదైనా జోడీగా దొరుకుతుందా? పోతే ఏం పట్టుకుపోవాలి?
– నేత కార్మికుడు, భూదాన్ పోచంపల్లి

జవాబు: మీకు సరిజోడు జపాన్‌లోని కురుమె. ఫుకువోకా రాష్ట్రంలో సుమారు 3 లక్షల జనాభా ఉన్న ఊరు. నేతకు ముందే దారాలను అక్కడక్కడ కట్టి రంగువేసేది చిటికి; అక్కడి నూలు చిటికిని ‘కురుమె గసూరి’ అంటారు. 1800 ప్రాంతంలో ఇనోవె డెన్ అనే అమ్మాయి, పన్నెండు పదమూడేళ్ల వయసులో, వెలిసిన గుడ్డ మీది తెల్లచుక్కలు చూసి దారాలు విప్పి ఆ గుట్టు పట్టుకుందని చెబుతారు. గసూరి అన్న మాట వెనక ఉన్నది అంచు చెదిరినట్టు కనిపించడం. మన చీర మీద పువ్వు అంచు ఈకలా చెదిరినట్టుంటుంది చూశారా, అదే. ఉజ్బెకిస్తాన్‌లోని మర్గిలాన్‌వాళ్లు తమ పట్టు చిటికిని ‘అబ్ర్’ అంటారు, మబ్బు అని అర్థం. వాళ్లు కట్టేది పడుగు (నిలువు దారాలు) మాత్రమే. పడుగు, పేక (అడ్డ దారాలు) రెండూ కట్టి రంగువేసి మగ్గం మీద కలిపే విద్య ప్రధానంగా మూడు దేశాల్లోనే నిలిచింది: మన దేశం, జపాన్, ఇండోనేసియా. ఇండోనేసియాలో అది బాలి దీవిలోని తెంగనాన్ అనే ఒక్క పల్లెలో ఉంది.

కలుసుకుంటే మాట్లాడుకోవడానికి ఉన్నవి ఇవి. మీరు సైకిల్ ట్యూబు చీలికలతో కడతారు, కురుమెలో పాత పద్ధతిలో జనపనార లాంటి పీచుతో కడతారు. రబ్బరు రంగును బాగా ఆపుతుంది. పీచు తడిసి ఉబ్బి బిగుసుకుంటుంది, అంచు వేరేలా వస్తుంది. వాళ్ల నీలిమందు తొట్లలో పులిసేది, మళ్లీ మళ్లీ ముంచాలి. మీ దగ్గర వాళ్లు నేర్చుకోవలసింది ఆసు, అంటే కట్టడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ వరసగా చుట్టే పని. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ పోవాలి. ఆ శ్రమను తగ్గించిన లక్ష్మీ ఆసు యంత్రం ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం చేసింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పుట్టపాకవాళ్లను వెంటపెట్టుకుపోతే మరీ మంచిది. నూలును నూనెలో, బూడిదనీళ్లలో నానబెట్టి చేసే తేలియా రుమాల్ లాంటిది కురుమెలో లేదు. దానికి 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది.

పట్టుకుపోయేవి: పూర్తయిన చీరలకన్నా సగం పని ఎక్కువ చెబుతుంది. కట్టి, ఇంకా రంగువేయని చిట్టం ఒకటి, ఒక రంగు పడి విప్పనిది ఒకటి, విప్పింది ఒకటి, జానెడు నేసింది ఒకటి. నాలుగూ బల్ల మీద వరసగా పెడితే దుబాసీ అక్కర్లేదు. ప్రదర్శించి తిరిగి తెచ్చే సరుకుకు ఏటీఏ కార్నె అనే పత్రం తీసుకోండి, మన దేశంలో వాణిజ్య, పరిశ్రమల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది. అది ఉంటే అక్కడ కస్టమ్స్ సుంకం కట్టే పని లేదు. ఆ పత్రం మీద తీసుకుపోయింది ఒక్కటి అమ్మినా చిక్కే. జాబితాలో రాసింది రాసినట్టు వెనక్కి రావాలి. అమ్మాలనుకున్నవి వేరే బిల్లు మీద, వేరే పెట్టెలో పంపండి. కొత్త డిజైన్ల గ్రాఫ్ కాగితాలు మాత్రం ఇంట్లోనే ఉండనివ్వండి. జీఐ మీ ఊరి పేరును కాపాడుతుంది గానీ నిన్న మీరు గీసిన పువ్వును కాపాడదు.

ప్రశ్న: పాలమూరు, పారిస్ జోడీ కుదురుతుందా? ప్రాస బాగుంది కదా.
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: ప్రాస బాగుంది, ముహూర్తం దాటిపోయింది. 1956లో పారిస్, రోమ్ ఒకదానికొకటి తప్ప వేరే జోడీ వద్దని మాటిచ్చుకున్నాయి. రోమ్‌కు పారిస్సే సాటి, పారిస్‌కు రోమే సాటి అన్నది వాళ్ల నినాదం.

ప్రశ్న: నాగార్జునకొండకు శ్రీలంకతో సంబంధం ఉందని పిల్లలకు చెబుతుంటాం. ఆధారం ఏమిటి?
– ఉపాధ్యాయురాలు, హాలియా

జవాబు: రాతి మీదే ఉంది. ఇక్ష్వాకుల రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో, అంటే 3వ శతాబ్దంలో, బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం అది. విజయపురికి వచ్చిన తామ్రపర్ణి థేరుల కోసం, అంటే సింహళ భిక్షువుల కోసం, ఆమె చైత్యగృహం కట్టించింది. ఆ థేరులు ఏయే దేశాలకు ధర్మాన్ని చేర్చారో ఆ జాబితాలో కాశ్మీర, గాంధార, చీన, వంగ, వనవాసి, యవన, దమిళ వంటి పేర్లున్నాయి. సీహళ విహారం అన్న పేరు కూడా అదే శాసనంలో కనిపిస్తుంది. జోడీ కట్టాలంటే శ్రీలంక పాత రాజధాని అనురాధపురానికి ఇంతకన్నా పాత కాగితం చూపించలేం.

పిల్లల్ని తీసుకుపోతే ఒక్క జాగ్రత్త. మ్యూజియం ఉన్న దీవికి పడవ ఎక్కాలి, అది ఆంధ్రప్రదేశ్ వైపు. బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కు ఇటు తెలంగాణ ఒడ్డున ఉంది, 2022 మేలో తెరిచారు. శ్రీలంకలోని అవుకన బుద్ధుడి ప్రతిరూపం బుద్ధవనంలో చూడొచ్చు. రెండూ ఒక్కరోజే చూపించాలంటే ముందు పడవ, తర్వాత వనం. పడవ వేళ తప్పితే ఆ రోజుకు అంతే.

ప్రశ్న: మా పట్టణ పాలకవర్గం ముందుకొస్తే అసలు దారి ఏమిటి? ఎక్కడ ఆగిపోతుంది?
– మాజీ కౌన్సిలర్, మిర్యాలగూడ

జవాబు: సంతకంతో మొదలుపెట్టొద్దు, అది చివరి మెట్టు. ముందు అవతలి ఊరి పాలక సంస్థ నుంచి ఆసక్తి ఉన్నట్టు ఒక ఉత్తరం రావాలి. దాన్ని పట్టుకుని ఇక్కడ తీర్మానం చేయాలి. తీర్మానం, ముసాయిదా పత్రం రాష్ట్ర పురపాలక శాఖకు, అక్కడి నుంచి కేంద్ర విదేశాంగ శాఖకు పోతాయి. ఆ శాఖలో రాష్ట్రాల కోసమే 2014లో ఒక విభాగం పెట్టారు. అనుమతి వచ్చాకే సంతకం. విదేశీ యాత్రకు వెళ్లే ప్రజాప్రతినిధులకు విడిగా రాజకీయ అనుమతి కావాలి. మధ్యలో ఏదైనా సొసైటీ విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు ఉండాల్సిందే. అది లేకుండా ఖాతాలో పడిన పది డాలర్లూ తలనొప్పే.

ముసాయిదా రెండు పేజీలు దాటితే ఫైలు బల్ల మీదే ఉంటుంది. ఏ పని, ఎన్నేళ్లు, ఎవరి ఖర్చు వాళ్లదే, చట్టపరమైన బాధ్యత లేదు: ఈ నాలుగూ ఉంటే చాలు. కాలం మూడు నుంచి అయిదేళ్లు పెట్టండి. రెండు వైపులా బాధ్యుడి పేరు రాయకండి, హోదా రాయండి. పేరు రాస్తే ఆయన బదిలీ అయిన రోజే దోస్తానా ఖతం.

వారణాసి–క్యోటో జోడీని చూపించి అలాగే చేద్దామనేవాళ్లు ఉంటారు. 2014 ఆగస్టు 30న ఇద్దరు ప్రధానుల సమక్షంలో కుదిరింది అది. ఆ కొలత మీకు పట్టదు. మీ అంత ఊరినే వెతకండి. పెద్ద నగరానికి మీ ఉత్తరం ఇరవయ్యోది, చిన్న ఊరికి మొదటిది.

ఆగిపోయేది సాధారణంగా రెండో ఏట. మొదటి ఏడు శాలువాలు, ఫొటోలు. రెండో ఏడు పని లేకపోతే మెయిల్‌కు జవాబు కూడా రాదు. పాత జోళ్లను వద్దనుకున్న ఊళ్లూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని బిషప్స్ స్టార్ట్‌ఫర్డ్ 2011లో తన ఫ్రెంచ్, జర్మన్ జోళ్లను వదిలేసుకుంది. అందుకే ఒక్క పని పెట్టుకోండి. మిర్యాలగూడ అయితే బియ్యం మిల్లుల ఊక, బూడిద ఏం చేయాలన్నది చాలు. వరి మిల్లులున్న ఏ దేశపు ఊరికైనా అదే తలనొప్పి.

ప్రశ్న: జోడు ఊరు సంగతి తర్వాత, ముందు మా బడిని ఒక విదేశీ బడితో వీడియోలో కలుపుదామనుకుంటున్నాం. ఏ వేళ పెట్టుకోవాలి?
– ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు, టాంజానియా రెండున్నర గంటలు వెనక. మన ఉదయం 11 గంటలకు కురుమెలో మధ్యాహ్నం 2.30, అరూషాలో ఉదయం 8.30. మూడు చోట్లా బడి వేళే.

టాంజానియాతో ఒక మెలిక ఉంది. స్వాహిలీలో గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్కపెడతారు, మన పెద్దవాళ్లు గడియలు లెక్కపెట్టినట్టే. ఉదయం ఏడును ‘సా మోజా’, అంటే ఒంటిగంట, అంటారు. అక్కడి టీచరమ్మ మూడు గంటలకు కలుద్దామని స్వాహిలీ లెక్కలో అంటే అది వాళ్ల ఉదయం తొమ్మిది, మనకు పదకొండున్నర. అందుకని మెయిల్‌లో వాళ్ల వేళ, మన వేళ రెండూ 24 గంటల పద్ధతిలో రాసి, సరేనని తిరిగి రాయించుకోండి.

అమెరికా బడి అయితే ఇంకో చిక్కు. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. ఇండియానాపొలిస్ మనకన్నా ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. వాళ్ల బడిగంట కొట్టేసరికి మన పిల్లలు బస్సెక్కి ఊళ్లకు పోయుంటారు. ఆ జోడీకి వీడియో మానేసి, రికార్డు చేసిన అయిదు నిమిషాల ముక్కలు పంపుకోండి. నెలకు ఒకటి, ఒక్కోదానికి ఒక్క విషయం. మొదటిదానికి మీ బడి మధ్యాహ్న భోజనం సరిపోతుంది.